ఒంగోలు వాళ్ళు చూడండి: మోకాళ్ళ నొప్పుల సెంటర్లో ఇచ్చే ప్యాకెట్లు మింగకండి

మొన్న ఆస్పత్రి నుంచి డిశ్చార్జి అయ్యాను. ఈ రోజు పొద్దున ఆ సెంటర్‌కి వెళ్ళొచ్చి కూర్చుని ఇది రాస్తున్నాను. చేతులు ఇంకా వణుకుతున్నాయి, తప్పులుంటే సర్దుకుని చదవండి.

పేరు రాయను. రాయకపోయినా చాలామందికి తెలిసిపోతుంది. రెండు నెలల క్రితం పేపర్లో పెట్టి ఇంటింటికీ వేసిన పచ్చ పాంప్లెట్, ఆపరేషన్ లేకుండా మోకాళ్ళ నొప్పులు పోగొడతాం అని. వాళ్ళే.

నాకు 47 ఏళ్ళు. జాకెట్లు కుడతాను. పొద్దున మిషన్ ముందు కూర్చుంటే చీకటి పడేదాకా ఎండ మొహం చూడను. ఏడాదిగా మోకాళ్ళు నొప్పి, కింద కూర్చుంటే గోడ పట్టుకుని లేవాలి. సెంటర్లో కూర్చున్నాయన నా మడమని ఒక చిన్న మిషన్లో పెట్టించి, తెర మీద ఎర్ర గీత చూపించి, "నీకు డి విటమిన్ 6 ఉందమ్మా, ఇట్లాగే వదిలేస్తే మంచాన పడతావు" అన్నాడు. ఒక్క చుక్క రక్తం తియ్యలేదు. మంచాన పడతావు అన్న మాట విన్నాక నాకు ఇంకేమీ ఆలోచన రాలేదు. చీటీ ఎత్తిన డబ్బులో 16,500 అక్కడే కట్టేశాను. అది మా పాప కాలేజీ ఫీజుకి దాచింది.

మూడు నెలల కోర్సు అన్నారు. రోజూ పొద్దున పాలల్లో కలుపుకోవడానికి 90 పొడి ప్యాకెట్లు, రెండు పూటలా వేసుకోవడానికి కాల్షియం మాత్రలు. ప్రతి ప్యాకెట్ మీదా సెంటర్ పేరున్న స్టిక్కరు. బిల్లు అడిగితే తెల్ల కాగితం మీద అంకె వేసి ఇచ్చారు.

మూడు వారాలు దాటాక నోరు ఎండిపోవడం మొదలైంది. చెంబులకి చెంబులు నీళ్ళు తాగేదాన్ని, రాత్రి ఐదారు సార్లు లేచేదాన్ని. మలబద్ధకం. తర్వాత అన్నం చూస్తేనే వికారం. ఒకరోజు పుస్తకంలో 36 అని నా చేత్తో నేనే రాసుకుని, బట్ట 32కి కత్తిరించాను. ఇరవై రెండేళ్ళలో అట్లా ఎప్పుడూ జరగలేదు. వాంతులు మొదలైన రోజు సెంటర్‌కి ఫోన్ చేశాను. ఫోన్ ఎత్తిన అమ్మాయి, "లోపలున్న చెడు బయటికి పోతోంది మేడమ్, మధ్యలో ఆపితే మళ్ళీ మొదటికొస్తుంది" అంది. నేను నమ్మాను. ఇంకో తొమ్మిది ప్యాకెట్లు తాగాను.

38వ రోజు రాత్రి మా ఆయన ఆటోలో ఎమర్జెన్సీకి తీసుకెళ్ళాడు. ఏం మందులు వాడుతున్నారని అడిగితే పాప ప్యాకెట్ తీసిచ్చింది. నర్సమ్మ దాన్ని లైటు కింద పెట్టి చూసింది. స్టిక్కరు ఒక మూల లేచి ఉంది. గోటితో లాగింది. కింద అచ్చు అక్షరాల్లో కోలికాల్సిఫెరాల్ 60,000 ఐయూ అని ఉంది. అంటే డి విటమిన్ 60,000 యూనిట్లు. ధర 50 రూపాయలు కూడా లేదు. ఆ మూల లేచి ఉండటం నేను మొదటి వారంలోనే చూశాను. వేలితో నొక్కి మళ్ళీ అంటించాను కూడా. ఆ రోజు లాగి ఉంటే చాలు. ఇది తలుచుకుంటే నిద్ర పట్టడం లేదు.

అది మామూలుగా డాక్టర్లు వారానికి ఒకటి చొప్పున, ఎనిమిది వారాలో ఎన్నో లెక్కపెట్టి ఇచ్చే మందు. పెద్దవాళ్ళకి రోజుకి కావాల్సింది 600 యూనిట్లట. నేను దానికి వంద రెట్లు రోజూ మింగాను. డి విటమిన్ మరీ ఎక్కువైతే రక్తంలో కాల్షియం పెరిగిపోతుందట. అది 10.5 దాటకూడదు, నాకు 13.8 ఉంది. కిడ్నీ రీడింగ్ కూడా పెరిగింది. నాలుగు రోజులు సెలైన్ ఎక్కించారు. ఈ విటమిన్ కొవ్వులో నిలవ ఉంటుంది, మానేసినా వెంటనే పోదు, కాబట్టి కొన్నాళ్ళు వారం వారం రక్తపరీక్షకి వెళ్ళాలి.

ఎముకల డాక్టరు గారు నిలబెట్టి ఎక్స్‌రే తీయించి, గుజ్జు అరగడం మొదలైంది, దానికి డి విటమిన్ మందు కాదు, తొడలకి బలమొచ్చే వ్యాయామం చెయ్యాలి, బరువు తగ్గాలి అన్నారు. మీది ఏ ఊరు, చిన్నప్పుడు ఏ నీళ్ళు తాగేవాళ్ళని అడిగారు. మాది కనిగిరి వైపు. పెళ్ళయ్యేదాకా బోరు నీళ్ళే. ఆ ఫ్లోరైడ్ వల్ల కూడా కీళ్ళు బిగుసుకుంటాయి కదా, సెంటర్లో ఒక్కరైనా ఆ మాట అడిగారా? అసలు నాకు డి విటమిన్ తక్కువ ఉండేదా అని అడిగితే, "ఇప్పుడు తెలుసుకునే దారి లేదమ్మా, ముందే రక్తపరీక్ష చేయించి ఉండాల్సింది" అన్నారు.

ఈ పొద్దున డిశ్చార్జి కాగితాలు, స్టిక్కరు తీసిన ప్యాకెట్ పట్టుకుని సెంటర్‌కి వెళ్ళాను. హాల్లో పది మంది ఉన్నారు. నేను డబ్బు కోసం కూడా గట్టిగా అడగలేదు. రోజూ ఇవ్వకూడని మందు రోజూ ఎందుకు తాగమన్నారు అని మాత్రమే అడిగాను. మడమ మిషన్ పెట్టిన ఆయన కుర్చీలోంచి లేవలేదు. కాగితాలు ముట్టుకోలేదు. "మేమేమన్నా నీ నోరు తెరిచి పోశామా? నీ ఒంటికి పడకపోతే మమ్మల్నంటావేంది? పేషెంట్లున్నారు, పక్కకి జరుగు" అన్నాడు. అందరి ముందూ. తర్వాత నా భుజం మీంచి చూసి, "నెక్స్ట్" అని పిలిచాడు.

లేచింది ఒక పెద్దామె. మోకాలు పట్టుకుని లేచింది. చీమకుర్తి నుంచి బస్సులో వచ్చానని అంతకుముందే నాతో చెప్పింది. డబ్బులు కొంగున ముడేసుకుని ఉంది. నా వైపు చూసింది. వద్దు పెద్దమ్మా అన్నాను, కానీ గొంతు రాలేదు. లోపలికి వెళ్ళిపోయింది. తలుపు వేశారు. అక్కడ పనిచేసే అబ్బాయి నన్ను బయటికి నడిపించాడు.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి కంప్లైంట్ రాయించాను. మిగిలిన 52 ప్యాకెట్లూ స్టిక్కర్లతో సహా అట్లాగే ఉన్నాయి, సోమవారం డ్రగ్ ఇన్‌స్పెక్టర్ ఆఫీసులో ఇస్తాను. ఇట్లా నష్టపోయినవాళ్ళు ఇంకా ఉంటే మీ దగ్గరున్న ప్యాకెట్లు పారెయ్యకండి, నాతో రండి.

ఇంకొకటి. డి విటమిన్ సంగతి మడమ మిషన్లో తెలియదు, రక్తపరీక్షలోనే తెలుస్తుంది. 20 కన్నా తక్కువుంటే లోపం అంటారు. 60,000 అని రాసున్నది ఏదైనా డాక్టరు చీటీ లేకుండా నోట్లో వేసుకోకండి.

చీమకుర్తి వాళ్ళెవరైనా ఇది చదివితే, ఆ పెద్దామెకి అరవై దాటి ఉంటాయి, సన్నగా ఉంది, ఆకుపచ్చ అంచు నేత చీర, ఎడమ కాలు కుంటుతోంది. మీ వీధిలో ఉంటే ఈ రాత్రికే చెప్పండి. రేపు పొద్దున పాలల్లో ఆ ప్యాకెట్ కలపకముందే చెప్పండి.