బూట్‌స్ట్రాప్ 5.3: గ్రిడ్‌కు ఫుల్ మార్కులు, చిక్కంతా రంగుల దగ్గరే

ఫారాలు, పట్టికలు, పాపప్‌లతో నిండిన అడ్మిన్ ప్యానెల్ కావాలి, టీమ్‌లో డిజైనర్ లేరు అంటే వెబ్ పేజీల కోసం ముందే రాసి పెట్టిన సీఎస్‌ఎస్ (పేజీ రూపాన్ని దిద్దే కోడ్), జావాస్క్రిప్ట్‌ల కట్ట అయిన బూట్‌స్ట్రాప్‌ను కళ్లు మూసుకుని తీసుకోవచ్చు. డిజైనర్ ఫిగ్మా అనే డిజైన్ టూల్‌లో గీసిచ్చిన పేజీని అచ్చు గుద్దినట్టు దించాలంటే మాత్రం దీని జోలికి పోకపోవడమే మేలు. అది ముందే వేసి పెట్టిన స్టైళ్లను చెరపడానికే మీ సీఎస్‌ఎస్ సగం ఖర్చవుతుంది.

మార్క్ ఒట్టో, జేకబ్ థార్న్‌టన్ ట్విటర్‌లో పనిచేస్తూ రాసిన ఈ ఫ్రేమ్‌వర్క్ 2011 ఆగస్టులో ఓపెన్ సోర్స్‌గా బయటికి వచ్చింది. లైసెన్స్ ఎంఐటీ, కాబట్టి వ్యాపార ప్రాజెక్టుల్లో వాడుకోవడానికి అడ్డేమీ లేదు. 2013లో మూడో వెర్షన్ ఫోన్‌ను ముందు పెట్టుకుని రాసే పద్ధతి తెచ్చింది, 2018లో నాలుగోది ఫ్లెక్స్‌బాక్స్ అనే సీఎస్‌ఎస్ అమరిక పద్ధతికి మారింది. 2021 మేలో ఐదోది వచ్చి జేక్వెరీ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీనీ, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌నూ వదిలించుకుంది. 5.3తో డార్క్ మోడ్ చేరింది.

దీని అసలు బలం గ్రిడ్, అంటే పేజీని వరసలుగా, నిలువు భాగాలుగా పంచే ఏర్పాటు. వరసకు 12 భాగాలు. 576, 768, 992, 1200, 1400 పిక్సెళ్ల దగ్గర మలుపులు, అంటే అమరిక మారే స్క్రీన్ వెడల్పులు. ఒక కార్డుకు కోల్-12, కోల్-ఎండి-6, కోల్-ఎల్‌జి-4 అని మూడు క్లాసులు ఇస్తే ఫోన్‌లో వరసకు ఒకటి, 768 నుంచి రెండు, 992 నుంచి మూడు కార్డులు కూర్చుంటాయి. ఏ క్లాసైనా ఆ వెడల్పు నుంచి పైకే పనిచేస్తుంది. కిందికి వర్తించే మీడియా క్వెరీల్లో (వెడల్పును బట్టి స్టైల్ మార్చే షరతుల్లో) 767.98 లాంటి అంకెలు కనిపించేది రెండు వైపులా ఒకేసారి తగలకుండా ఉండటానికి. ఆ .98 కూడా ఊరికే పెట్టింది కాదు: సఫారీ దశాంశాలను గుండ్రం చేసే తీరులో ఉన్న బగ్ వల్ల .99 పనికిరాలేదు.

గ్రిడ్‌తో వచ్చే ఫిర్యాదుల్లో ముందుండేది ఫోన్‌లో పేజీ పక్కకు జరగడం. కారణం సూటిగా ఉంటుంది. నిలువు వరసల మధ్య ఖాళీ 24 పిక్సెళ్లు. ప్రతి కోల్‌కూ (నిలువు భాగానికి) రెండు పక్కలా 12 చొప్పున ప్యాడింగ్ (లోపలి ఖాళీ) ఉంటుంది, దాన్ని సరిపెట్టడానికి రోకు (అడ్డ వరసకు) రెండు పక్కలా మైనస్ 12 మార్జిన్ (బయటి ఖాళీ) ఉంటుంది, ఆ మైనస్‌ను చుట్టూ ఉండే కంటైనర్ అనే పెట్టె తన 12 ప్యాడింగ్‌తో మింగేస్తుంది. రోను కంటైనర్ లేకుండా నేరుగా బాడీలో పెడితే మింగేవాళ్లు లేక పేజీ స్క్రీన్ దాటుతుంది. కంటైనర్ ఉన్నా ఆ ఖాళీని పెంచే జీ-5 క్లాస్ వాడితే ఇదే గొడవ: ఖాళీ 48కి పెరిగి రో మార్జిన్ మైనస్ 24 అవుతుంది, కంటైనర్ దగ్గర ఉన్నది 12 మాత్రమే. కంటైనర్‌కు రెండు పక్కలా 24 ప్యాడింగ్ ఇచ్చే పీఎక్స్-4 క్లాస్ పెడితే లెక్క సరిపోతుంది. బాడీకి ఓవర్‌ఫ్లో హిడెన్ పెట్టి ఊరుకోవడం జబ్బును దాచడమే.

గ్రిడ్‌లో నిజమైన లోటు ఒకటుంది. మలుపులన్నీ బ్రౌజర్ వెడల్పును చూస్తాయి, పెట్టె వెడల్పును కాదు. ఎడమ పక్క 300 పిక్సెళ్ల సైడ్‌బార్ ఉన్న పేజీలో 992 దాటగానే మూడు కార్డులు మిగిలిన 690 చిల్లరలో ఇరుక్కుంటాయి. అలాంటి చోట కోల్-ఎల్‌జి-4 బదులు కోల్-ఎక్స్ఎల్-4 వాడి మలుపును వెనక్కి జరపాలి, లేదా ఆ ఒక్క భాగానికి కంటైనర్ క్వెరీ (పెట్టె వెడల్పును చూసే సీఎస్‌ఎస్ షరతు) చేత్తో రాసుకోవాలి. ఇక హెడ్‌లో వ్యూపోర్ట్ మెటా ట్యాగ్ మర్చిపోతే ఫోన్ తనను 980 పిక్సెళ్ల డెస్క్‌టాప్‌గా అనుకుని పేజీని కుదించి చూపిస్తుంది. క్లాసులన్నీ సరిగ్గా ఉన్నా రెస్పాన్సివ్ అన్న మాటే ఉండదు.

జావాస్క్రిప్ట్ భాగం బాగుంది, కానీ పనిచేయనప్పుడు చాలాసార్లు నోరు విప్పదు. నాలుగో వెర్షన్ పాఠాల్లోంచి కోడ్ తెచ్చి అతికిస్తే డేటా-టాగుల్ అన్నది ఐదులో డేటా-బీఎస్-టాగుల్ అయిందని ఎవరూ చెప్పరు. బటన్ నొక్కినా మెనూ తెరుచుకోదు, కన్సోల్‌లో ఒక్క ఎర్రర్ కూడా ఉండదు. ఎడమ, కుడి మార్జిన్లకు వాడే ఎంఎల్, ఎంఆర్ క్లాసులు ఎంఎస్, ఎంఈ అయ్యాయి. టెక్స్ట్-లెఫ్ట్ టెక్స్ట్-స్టార్ట్ అయింది. డ్రాప్‌డౌన్, టూల్‌టిప్, పాపోవర్‌లకు వాటిని సరైన చోట నిలిపే పాపర్ లైబ్రరీ తప్పనిసరి కాబట్టి బండిల్ అని పేరున్న ఫైలే తీసుకోండి. టూల్‌టిప్, పాపోవర్ అప్పటికీ వాటంతట అవి లేవవు, స్క్రిప్ట్‌లో విడిగా మొదలుపెట్టాలి.

మోడల్ (పేజీ మీద తేలే పాపప్ పెట్టె) తెరిస్తే బూడిద రంగు తెర మోడల్ మీదే పడి ఏదీ నొక్కనివ్వకపోతే, దాని పై పెట్టెల్లో దేనికో ట్రాన్స్‌ఫార్మ్ గానీ పొజిషన్ ఫిక్స్‌డ్ గానీ ఉన్నట్టు. తెర జెడ్-ఇండెక్స్ (ఏది పైన ఉండాలో చెప్పే అంకె) 1050, మోడల్‌ది 1055; కానీ మోడల్ ఇంకో పెట్టెలో బందీ అయితే ఆ 1055కు బయట విలువ లేదు. మోడల్‌ను తీసుకెళ్లి బాడీ చివర పెట్టండి, అంకెలు పెంచుతూ కూర్చోవద్దు. టేబుల్-రెస్పాన్సివ్ లోపల డ్రాప్‌డౌన్ సగానికి కోసినట్టు కనిపించడం ఇంకో పాత చిక్కు. పాపర్ కాన్ఫిగ్‌లో స్ట్రాటజీని ఫిక్స్‌డ్ చేస్తే పోతుంది.

ఇప్పుడు రంగుల సంగతి. 5.2 నుంచి సీఎస్‌ఎస్ వేరియబుల్స్ విరివిగా వచ్చాయి కదా, బీఎస్-ప్రైమరీని మన రంగుకు మారిస్తే సరిపోతుందని ఎవరైనా అనుకుంటారు. మార్చి చూడండి, బటన్ నీలంగానే ఉంటుంది. బీటీఎన్-ప్రైమరీకి తన సొంత బీఎస్-బీటీఎన్-బీజీ వేరియబుల్ ఉంది, అందులో 0డీ6ఈఎఫ్‌డీ అనే నీలం కంపైల్ అయినప్పుడే అచ్చయిపోయింది. బీజీ-ప్రైమరీ చూసేది ఇంకోదాన్ని, బీఎస్-ప్రైమరీ-ఆర్‌జీబీని. అంటే ఒక్క బ్రాండ్ రంగు కోసం మూడు నాలుగు చోట్ల వేలు పెట్టాలి. ఈ డిజైన్ నాకు నచ్చదు.

అందుకే రంగు మారాలంటే సీడీఎన్ (నెట్‌లోంచి నేరుగా లింక్ చేసుకునే) ఫైలు వదిలి, సీఎస్‌ఎస్‌గా కంపైల్ అయ్యే సాస్ భాషకు రావాల్సిందే. అక్కడ వరస ముఖ్యం: ముందు ఫంక్షన్స్ ఇంపోర్ట్, తర్వాత మీ ప్రైమరీ రంగు, ఆ తర్వాతే వేరియబుల్స్, మ్యాప్స్, మిక్సిన్స్, రూట్. వేరియబుల్స్ తర్వాత మీ రంగు రాస్తే అప్పటికే పాత నీలంతో లెక్కలు అయిపోయి ఉంటాయి. సరిగ్గా చేస్తే హోవర్ ఛాయలు, బటన్ మీద అక్షరం తెల్లగా ఉండాలా నల్లగా ఉండాలా అన్నది 4.5 కాంట్రాస్ట్ లెక్కతో అదే తేల్చుకుంటుంది. ఈ ఒక్కదానికైనా సాస్ శ్రమ గిట్టుబాటే. కొత్త డార్ట్ సాస్ కంపైలర్‌తో ఇంపోర్ట్ పాతబడిందంటూ హెచ్చరికలు కుప్పలుగా వస్తాయి. అవి ఎర్రర్లు కావు, బిల్డ్ ఆగదు. క్వైట్ డెప్స్ ఆప్షన్ పెడితే చాలావరకు తగ్గుతాయి.

డార్క్ మోడ్‌కు హెచ్‌టీఎంఎల్ ట్యాగ్ మీద డేటా-బీఎస్-థీమ్ డార్క్ అని పెడితే చాలు. అయితే బీజీ-వైట్, బీజీ-లైట్, టెక్స్ట్-డార్క్ వాడిన చోట్లు మారవు, నల్ల పేజీలో తెల్ల అతుకుల్లా మిగులుతాయి. వాటి బదులు బీజీ-బాడీ, బీజీ-బాడీ-టెర్షియరీ, టెక్స్ట్-బాడీ రాయాలి. వాడేవారి ఫోన్ సెట్టింగ్‌ను అది తనంతట తాను గమనించదు. చిన్న స్క్రిప్ట్ రాసి హెడ్‌లోనే పెట్టండి, బాడీ చివర పెడితే పేజీ ఒక్క క్షణం తెల్లగా మెరిసి నల్లబడుతుంది.

బరువు విషయానికొస్తే, మినిఫై చేసిన సీఎస్‌ఎస్ సుమారు 230 కిలోబైట్లు, జీజిప్‌తో కుదిస్తే 30 దగ్గర. అడ్మిన్ ప్యానెల్‌కు అది లెక్కలోకి రాదు. ఒకే పేజీ ఉన్న సైటులో గ్రిడ్ కోసం మొత్తం లాక్కురావడం మాత్రం గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చినట్టే. డౌన్‌లోడ్ చేసిన జిప్‌లోనే బూట్‌స్ట్రాప్-గ్రిడ్ అని విడి ఫైలుంది. కంటైనర్, రో, కోల్‌లతోపాటు ఫ్లెక్స్, మార్జిన్, ప్యాడింగ్ క్లాసులు అందులో వస్తాయి, బటన్లూ ఫారాలూ రావు.