మౌంటెన్ హౌస్ ఇల్లు షార్ట్ సేల్‌లో అమ్ముకున్నాం, ఇన్నేళ్ల తర్వాత నా మాట

షార్ట్ సేల్ చేస్తే, అంటే బ్యాంకు ఒప్పుకోలుతో ఇల్లు అప్పు కంటే తక్కువకి అమ్ముకుంటే, క్రెడిట్ స్కోరుకి ఏమీ కాదని ఎవరైనా అంటే నమ్మకండి. మాది బాగానే పడింది. స్కోరుని ఎక్కువగా దెబ్బకొట్టేది కట్టని నెలలే, ఆపైన ఇల్లు షార్ట్ సేల్‌లో పోయినా ఫోర్‌క్లోజర్‌లో (అప్పు కట్టలేదని బ్యాంకు వేసే వేలంలో) పోయినా పెద్ద తేడా కనపడదు. అయినా మళ్లీ ఆ పరిస్థితి వస్తే నేను షార్ట్ సేలే చేస్తా.

మాది కాలిఫోర్నియాలో మౌంటెన్ హౌస్. ఇళ్ల విలువ కంటే అప్పులే ఎక్కువున్న ఊరని 2008లో పేపర్లకెక్కిందే, అదే. 2006లో 80-20 లోన్‌తో కొన్నాం, అంటే డౌన్ పేమెంట్ లేకుండా ధరలో 80 శాతం ఒక బ్యాంకు, మిగతాది ఇంకో బ్యాంకు. తర్వాత విలువ సగానికి వచ్చింది, మా ఆయన ఉద్యోగం పోయింది. తాళాలు బ్యాంకుకి పోస్టులో పంపేసి ఇండియా వెళ్లిపోండి అని చెప్పినవాళ్లూ ఉన్నారు.

అప్పు కంటే తక్కువకి అమ్ముకోవడానికి బ్యాంకు ఒప్పుకోవాలి, చెప్పడానికి ఇంతే. హార్డ్‌షిప్ లెటర్ (ఎందుకు కట్టలేకపోతున్నామో చెప్పే ఉత్తరం), పే స్టబ్‌లు (జీతం చీటీలు), టాక్స్ రిటర్నులు, స్టేట్‌మెంట్లు అన్నీ పంపితే, ఈలోపు అవి పాతబడ్డాయి కొత్తవి పంపండంటారు, ఫైలు చూసే మనిషి మారిపోతాడు, మన కథ మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవాలి. మొదట కొంటామన్నవాళ్లు విసిగి వెళ్లిపోయారు. ఒకపక్క ఇది నడుస్తుంటే అదే బ్యాంకులో ఇంకో విభాగం వేలం తేదీ వేసేస్తుంది! 2013లో వచ్చిన రాష్ట్ర చట్టంతో ఈ రెండు నాల్కల వ్యవహారం చాలావరకు తగ్గింది గానీ, మా టైములో ఆ టెన్షన్ మామూలుగా లేదు. వేలం వాయిదా పడిందని నోటిమాటగా చెప్తే సరిపోదు, రియల్టర్‌తో కాగితం తెప్పించుకోండి. ఆ రియల్టర్ కమిషన్ మాత్రం అమ్మిన డబ్బులోంచే పోయింది, మా జేబులోంచి కాదు.

అసలు పేచీ రెండో బ్యాంకుతో. ఇంటి మీద హక్కు వదులుకుంటాం గానీ మిగిలిన బాకీ మాఫీ అని రాసివ్వం అని కూర్చుంది. 2011 జూలైలో ఎస్‌బీ 458 అనే కాలిఫోర్నియా చట్టం వచ్చి, షార్ట్ సేల్‌కి ఒప్పుకున్న బ్యాంకు మిగతా బాకీ అడగకూడదని తేల్చింది, మా క్లోజింగ్ (అమ్మకం పూర్తవడం) ఆ తర్వాతే కాబట్టి బయటపడ్డాం. వేరే రాష్ట్రంలో ఉంటే, బాకీ ఇంక అడగమని బ్యాంకు ఇచ్చే అప్రూవల్ లెటర్‌లో స్పష్టంగా లేనిదే సంతకం పెట్టకండి, లాయర్‌కి ఒకసారి చూపించండి.

చుట్టాల పేరు మీద కొనిపించి మీరే ఉండండి అని అత్తగారి వైపు ఒకాయన సలహా. కొనేవాళ్లకీ మనకీ ఏ సంబంధం లేదని అందరూ అఫిడవిట్ ఇవ్వాలి, అందులో అబద్ధమంటే మోసం కేసే.

మాఫీ అయిన బాకీకి 1099-సి అనే టాక్స్ ఫారం వస్తుంది, అది ఆదాయం కింద లెక్క. సొంతింటి అప్పుకి 2007 చట్టం మినహాయింపు ఇచ్చింది కాబట్టి ఫారం 982 పెట్టి గట్టెక్కాం. ఇంటి మీద డబ్బు తీసి హైదరాబాద్‌లో ప్లాటు కొన్నవాళ్లకి ఆ వాటా వరకు ఈ చట్టం వర్తించలేదు. పైగా అది గడువుతో వచ్చిన చట్టం, అందుకే ముందు సీపీఏని (టాక్స్ అకౌంటెంట్‌ని) కలవండి.

ఇంత తిప్పలకి దక్కిందేంటంటే, ఫ్యానీ మే (బ్యాంకుల నుంచి ఇంటి లోన్లు కొనే సంస్థ) లోనుకి షార్ట్ సేల్ తర్వాత 4 ఏళ్లు ఆగితే చాలు, ఫోర్‌క్లోజర్ అయితే 7. మేము 2016లో పక్క ఊరు ట్రేసీలో చిన్న ఇల్లు కొన్నాం. అప్పుడు లోన్ ఆఫీసర్ ముందుగా అడిగింది పాత అప్రూవల్ లెటర్, క్లోజింగ్ స్టేట్‌మెంట్, కాబట్టి ఆ ఫైలు పారేయకండి.