నెల్లూరులో జీన్స్ కొనబోతే: ట్రంకు రోడ్డులో మోసం, చిన్న బజారులో మర్యాద

మా చెల్లికి చెన్నైలో ఉద్యోగం వచ్చింది, సోమవారం చేరాలి. రెండు జీన్స్ కావాలంది, బడ్జెట్ 2,500. కావలి నుంచి పొద్దున్నే బస్సెక్కి నెల్లూరులో దిగాం, దారిలో ఏ ఇబ్బందీ లేదు.

ట్రంకు రోడ్డులో ఒక పెద్ద షాపు ముందు సగం ధరకే అని నిలువెత్తు బోర్డు చూసి లోపలికి పోయాం. ట్రయల్ రూముకి గడియ లేదు, బయట నేను తలుపు పట్టుకుని నిలబడాల్సి వచ్చింది. 30 సైజు తొడల దగ్గర సరిగ్గా ఉంది కానీ నడుము వెనకాల చెయ్యి దూరేంత సందు. "ఒకసారి ఉతికితే సెట్ అయిపోద్ది మేడమ్" అన్నాడు సేల్స్‌మన్. సాగే గుడ్డ వేసుకునే కొద్దీ వదులవుతుంది గానీ బిగుసుకోదు. నేను వద్దన్నా, అప్పటికే నాలుగు వేసి విప్పి విసిగిపోయిన చెల్లి "బెల్టు పెట్టుకుంటాలే అన్నా, ఇదే తీసుకుందాం" అంది.

ఎమ్మార్పీ 2,399, అంటే సగం 1,199.50. బిల్లు 1,269! ఐదు శాతం జీఎస్టీ విడిగా వేసి, సంచికి ఇంకో పది కలిపారు. అన్ని పన్నులూ కలిపి అని ట్యాగు మీదే ఉంది కదా, మళ్లీ పన్నేంటి అని అడిగితే "సిస్టమ్‌లో అంతే వస్తుంది" అన్నాడు, తలెత్తి చూడకుండా. నేను గొంతు పెంచేసరికి చెల్లి చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చింది. చేపల పులుసుతో భోజనం చేసేదాకా ఇద్దరం మాట్లాడుకోలేదు.

తర్వాత చిన్న బజారులో ఒక ఇరుకు కొట్టుకు పోయాం. కొట్టాయన ముందు టేపు తీశాడు. మేం కొన్నదాన్ని గుండీ పెట్టి బల్ల మీద పరిచి నడుము కొలిస్తే 16 అంగుళాలు, రెండింతలు చేస్తే 32. ట్యాగు మీద మాత్రం 30! సైజు అంకెని నమ్మొద్దమ్మా, ఇంట్లో సరిపోయే జీన్స్ ఇట్లా కొలుచుకుని రా అన్నాడు. తను ఇచ్చినదాన్ని వేయించి, గొంతుక్కూర్చుని లేచి చూడమన్నాడు. వెనక జారలేదు, మోకాళ్ల దగ్గర పట్టలేదు. 850 చెప్పి 700కి ఇచ్చాడు.

పక్క సందులో టైలర్ మొదటిదాని నడుముపట్టీ వెనక మధ్యలో విప్పి రెండంగుళాలు లోపలికి తీసి కుట్టాడు, 150. రెండింటి పొడవు తగ్గించడానికి ఒక్కోదానికి 60, అదీ కింది అసలు అంచు పోకుండా మళ్లీ అతికించి. మొత్తం 2,239 అయింది. నడుము బిగించవచ్చు, తొడల దగ్గర బిగుతైతే మాత్రం టైలర్ కూడా ఏం చేయలేడు, కాబట్టి తొడలకి సరిపోయేదే కొనండి.

బస్సులో చెల్లి ఆ 700 జీన్సే ఒడిలో పెట్టుకుని కూర్చుంది. పెద్ద షాపు బిల్లు, ట్యాగు నా దగ్గర భద్రంగా ఉన్నాయి. రేపు పొద్దున్నే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తున్నా.