పది బల్బులు మూడొందలు: ఆటోలో అమ్మే ఎల్‌ఈడీ బల్బులు కొనేముందు ఇది చదవండి

సంక్రాంతికి వారం ముందు మా వీధిలోకి మైకు కట్టుకుని ఒక ఆటో వచ్చింది. "గవర్నమెంటు స్కీము బల్బులు, 9 వాట్లు, పది మూడొందలు, రెండేళ్ల గ్యారంటీ" అని రికార్డు వేసుకుంటూ తిరుగుతోంది. తణుకులో మా వీధి మొత్తం మీద ఓ పదిహేను ఇళ్లవాళ్లు కొన్నారు. అందులో మాదీ ఒకటి.

ఎందుకు నమ్మామో కూడా చెప్పాలి. హుద్‌హుద్ తుపాను వచ్చిన ఏడాది మన రాష్ట్రంలో కొన్ని జిల్లాల్లో పాత బల్బులు తీసుకుని, ఒక్కోటి పది రూపాయల చొప్పున ఇంటికి రెండేసి ఎల్‌ఈడీ బల్బులు ఇచ్చారు గుర్తుందా? 2015 జనవరిలో అదే దేశమంతా మొదలైంది, తర్వాత దానికి ఉజాలా అని పేరొచ్చింది. అప్పటి బల్బు ఒకటి మా పెరటి వరండాలో ఇంకా వెలుగుతోంది. అందుకే "స్కీము" అన్న మాట వినగానే మా అమ్మ గేటు తీసేసింది. ఆటో అతను "అమ్మగారూ, పాడైతే నేనే మార్చిస్తాను" అంటూ ఒక్కో బల్బు మీద స్కెచ్ పెన్నుతో తేదీ రాసిచ్చాడు. బిల్లు అడిగితే "బల్బు మీద రాశానుగా, ఇంకా బిల్లెందుకండీ" అన్నాడు. ఆ తేదీ నెల తిరక్కుండానే చెరిగిపోయింది. బల్బులూ దాదాపు అంతే.

మొదటిది పదకొండో రోజున పోయింది. ఉగాది నాటికి పదిలో ఆరు పోయాయి. బల్బు పోవడం పెద్ద విషయం కాదు. నేను ఇది రాయడానికి కారణం మెట్ల దగ్గర జరిగింది.

మెట్ల లైటుకి కిందొకటి పైనొకటి రెండు స్విచ్‌లు. బల్బు వెలగనప్పుడు కరెంటు ఉందో లేదో స్విచ్ చూసి చెప్పలేం. పోయిన బల్బు తీద్దామని అమ్మ స్టూలు ఎక్కి తిప్పింది. తెల్ల ప్లాస్టిక్ భాగం చేతిలోకి ఊడి వచ్చేసింది, ఇత్తడిలా మెరిసే టోపీ మాత్రం హోల్డర్‌లోనే ఉండిపోయింది. మధ్యలో రెండు సన్నటి వైర్లు, వాటికి వేలాడుతూ చిన్న బోర్డు. నాన్నగారు పక్కనే ఉండి "వదిలెయ్, ముట్టుకోకు" అని అరిచి, పరిగెత్తి మెయిన్ దించారు. తర్వాత ఎలక్ట్రీషియన్ కుర్రాడు వచ్చి మెయిన్ వేసి ఆ బోర్డు మీద టెస్టర్ పెడితే భగ్గున వెలిగింది. అంటే అమ్మ చేతికి రెండు అంగుళాల దూరంలో ఇంటి కరెంటు నేరుగా ఉందన్నమాట. ఆ టోపీని ప్లాస్టిక్‌కి గట్టిగా నొక్కి బిగించకుండా ఏదో జిగురుతో అంటించారట.

ఆ కుర్రాడే ఇంకో మాట చెప్పాడు. చాలా బల్బుల్లో, మంచివాటిలో కూడా, లోపల ఎల్‌ఈడీలు అమర్చిన పళ్లెం ఉంటుంది, దాని మీది అతుకుల్లో నేరుగా ఇంటి కరెంటు ఉంటుంది. మనకూ దానికీ మధ్య ఉండేది బల్బు ముందుండే గుండ్రటి తెల్ల మూత ఒక్కటే. అందుకే మూత ఊడినా "వెలుగుతోందిగా" అని కొందరు అలాగే వాడుతుంటారు చూడండి, అది మహా ప్రమాదం.

పోయిన బల్బులు రెండు విప్పి చూశాం. పళ్లెం మీద పసుపు గింజల్లా ఎల్‌ఈడీలు, వాటిలో ఒకదాని నడుమ ఆవగింజంత నల్ల మచ్చ. పండక్కి కట్టే సీరియల్ సెట్టు తెలుసుగా, ఒకటి పోతే వరసంతా ఆరిపోతుంది. ఇదీ అంతే. వేడి బయటికి లాగడానికి మామూలుగా అల్యూమినియం పళ్లెం ఉంటుంది. వీటిలో ఉన్నది చేత్తో వంచితే విరిగే ఉత్త అట్టలాంటి బోర్డు. ఓల్టేజీ ఒక్కసారి ఎగిరితే కాపాడే పార్టు కూడా లేదు, దానికోసం వదిలిన ఖాళీ మాత్రం ఉంది! సాయంత్రం ఆరింటికి మా ఓల్టేజీ ఆడే ఆటలకి అది ఎన్నాళ్లు నిలబడుతుంది?

సరే, 9 వాట్లయినా నిజమేనా అని అనుమానం వచ్చింది. మిగిలిన నాలుగు బల్బులు వేసి, ఫ్రిజ్‌తో సహా అన్నీ ఆపేసి మీటరు ముందు కూర్చున్నాను. మా మీటరు మీద 3200 అని రాసి ఉంది, అంటే యూనిట్‌కి 3200 సార్లు ఎర్ర లైటు మెరుస్తుంది. నాలుగు తొమ్ములు 36 వాట్లు నిజంగా కాలితే 20 నిమిషాల్లో 38 సార్లు మెరవాలి. 23 సార్లు మెరిసింది. లెక్కేస్తే బల్బుకి ఐదున్నర వాట్లు కూడా లేదు.

"అయితే కరెంటు ఆదాయే కదా" అన్నాడు మా బావ. ఆదా ఎలా అవుతుంది బావా, ఆ వెలుతురులో అమ్మకి బియ్యంలో రాళ్లు కనపడక వంటింట్లో రెండో బల్బు పెట్టించింది. ఇప్పుడు రెండూ కలిపి దాదాపు 11 వాట్లు. మంచి బల్బు ఒక్కటి 9 వాట్లతో ఇచ్చే వెలుతురు ఈ రెండూ కలిసినా ఇవ్వడం లేదు.

మనమంతా చేసే పొరపాటు వాట్లు చూసి కొనడం. వాట్లంటే బల్బు తినే కరెంటు. ఇచ్చే వెలుతురు ల్యూమెన్లలో ఉంటుంది. పాత 60 క్యాండిల్ బల్బు సుమారు 700 ల్యూమెన్లు ఇచ్చేది. ఇప్పుడు మంచి 9 వాట్ల ఎల్‌ఈడీ 900 దాకా ఇస్తుంది. ల్యూమెన్లను వాట్లతో భాగిస్తే ఎంత ఎక్కువ వస్తే అంత మేలు, డబ్బా మీది నక్షత్రాల గుర్తు వెనక ఉన్న లెక్క కూడా అదే. మా డబ్బా మీద 9 అన్న అంకె బొటనవేలంత ఉంది. ల్యూమెన్లు లేవు, నక్షత్రాలు లేవు, తయారీదారు చిరునామా లేదు, ఎమ్మార్పీ కూడా లేదు.

ఇంకొకటి, అన్నిటికన్నా ముఖ్యమైంది. ఎల్‌ఈడీ బల్బులకి బీఐఎస్, అంటే సరుకుల ప్రమాణాలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ, రిజిస్ట్రేషన్ తప్పనిసరి. డబ్బా మీద ఆ సంస్థ గుర్తు దగ్గర ఐఎస్ 16102 అని, ఆర్ అక్షరం తర్వాత 8 అంకెల నంబరు ఉండాలి. ఆ నంబరు ఫోనులో బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే తయారు చేసిన కంపెనీ పేరు వస్తుంది, అది డబ్బా మీది పేరుతో సరిపోవాలి. దుకాణంలో నిలబడే చూసుకోవచ్చు. మా డబ్బా మీద ఐఎస్ఐ లాంటి బొమ్మ ఒకటి వేశారు, చుట్టూ ఒక్క అంకె లేదు. కొన్న రోజు నేనూ ఆ బొమ్మే చూసి సరేననుకున్నాను, తప్పు నాదే.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేశాను. మొదట అడిగింది ఎవరి దగ్గర కొన్నారు, బిల్లుందా అని. ఏం చెప్పను? ఆటో నంబరు కూడా ఎవరూ రాసుకోలేదు. ఎదురింటి పిన్నిగారి దగ్గర డబ్బా ఒకటి ఉంటే ఫొటో తీసి పెట్టుకున్నాను, మళ్లీ వస్తే పనికొస్తుందని.

మీ ఇంట్లో ఇలాంటివి ఇప్పటికే పెట్టి ఉంటే ఈరోజే తీసేయండి. స్విచ్ ఆపాం కదా అని చెయ్యి పెట్టొద్దు, మెయిన్ దించి తీయండి. టోపీ హోల్డర్‌లో ఇరుక్కుంటే మీరు లాగకండి, ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. మాకు అతను తీసుకున్నది వంద రూపాయలు.