గురుద్వారా పక్కన సామాజిక భవనం: అద్దెకు తీసుకున్నవారి సమీక్ష

కెనడాలోని బ్రిటిష్ కొలంబియా రాష్ట్రం, ఫ్రేజర్ లోయలో మేము నివసించే పట్టణంలోని ఒక గురుద్వారాకు ఆనుకొని ఉన్న సామాజిక భవనాన్ని గత ఏడాదిలో మూడుసార్లు అద్దెకు తీసుకున్నాము. ఉగాదికి, దీపావళికి ఒక్కొక్కసారి, వృద్ధుల ఆరోగ్య శిబిరానికి మరొకసారి. ద్వారం పక్కన ఉన్న ఫలకంపై దాతల పేర్ల కింద సమాఖ్య ప్రభుత్వం ఇచ్చిన నిధి ప్రస్తావన కూడా ఉంది. అందువల్ల హాలు ఎలా ఉందన్న సంగతితో పాటు, పన్నుల సొమ్ము చేరిన ఈ తలుపు ఊరివారందరికీ ఏ మేరకు తెరుచుకుంటోందన్నది కూడా గమనిస్తూ వచ్చాను.

ప్రభుత్వం ఇచ్చిన డబ్బు ఎక్కడికి పోయిందో వెతకవలసిన పని లేదు. వాలుదారి, లిఫ్టు, మీట నొక్కితే తెరుచుకునే తలుపులు, చక్రాల కుర్చీ తిరిగేంత విశాలమైన మరుగుదొడ్డి, అన్నీ ఎదుటనే ఉన్నాయి. ఇటువంటి మార్పుల కోసమే కెనడా ప్రభుత్వం 2007లో ఎనేబ్లింగ్ యాక్సెసిబిలిటీ ఫండ్ అనే పథకాన్ని ప్రారంభించింది. ఇదే పట్టణంలో మరొక హాలులో మా అత్తగారిని కుర్చీతో సహా నలుగురు ఎత్తి మెట్లు దాటించవలసి వచ్చింది. ఇక్కడ ఆమె కారు దిగిన చోటి నుంచి భోజనాల బల్ల వరకు తనంతట తానే వచ్చారు.

అయితే ఈ భవనానికి ప్రాణం దాని వంటగది. లంగరు, అంటే గురుద్వారాలో అందరికీ ఉచితంగా పెట్టే భోజనం, వండే వంటశాల గురుద్వారాలో వేరుగా ఉన్నప్పటికీ, ఈ హాలు వంటగదిని కూడా వందలమందికి వండడం అలవాటైనవారే కట్టించారని పొయ్యిల ఎత్తు, నేలలోని నీటి వాలు, గిన్నెలు కడిగే తొట్ల లోతు చూడగానే అర్థమవుతుంది. నూటయాభై మందికి పులిహోర కలిపిన మా వాళ్ళు, ఇంత వెసులుబాటు ఏ కల్యాణ మండపంలోనూ చూడలేదన్నారు. ఇటువంటి వంటశాలలకు ప్రజాధనం ఎందుకని అడిగేవారికి ఈ రాష్ట్రంలో వచ్చిన 2021 నవంబరు వరదలను గుర్తుచేయవచ్చు. కుండపోత వానలకు రహదారులు తెగిపోయి హోప్ పట్టణంలో ప్రయాణికులు చిక్కుకున్నప్పుడు, సర్రేలోని దుఃఖ్ నివారణ్ గురుద్వారాలో సేవకులు రాత్రికి రాత్రి వండిన భోజనాలను హెలికాప్టర్లలో అక్కడికి పంపించారు. అన్నం పెట్టేటప్పుడు మతం, కులం, హోదా అడగకుండా అందరినీ ఒకే వరుసలో కూర్చోబెట్టే పంగత్ పద్ధతి గురు నానక్ కాలం నుంచి వస్తున్నదే కాబట్టి, ఉమ్మడి స్థలం అనే ఆలోచనను ఏ నిధి పథకమూ ఈ సమాజానికి కొత్తగా నేర్పవలసిన అవసరం లేదు.

మద్యం, పొగాకు, మాంసం ప్రాంగణంలో నిషిద్ధం. ప్రభుత్వ నిధి తీసుకున్న భవనంలో ఈ కట్టుబాటు ఎంతవరకు సమంజసమని మా బృందంలో కొంత వాదన జరిగింది. అద్దెకు వచ్చినవారు ఎవరైనా నియమం ఒక్కటే అయినంత కాలం అందులో వివక్ష లేదని నా అభిప్రాయం. గురుద్వారాలో ప్రార్థన జరిగే దర్బారు హాలులో తప్పనిసరి అయిన తలగుడ్డను ఇక్కడ ఎవరూ అడగలేదు. ప్రార్థనకు రమ్మని కూడా ఎవరూ పిలవలేదు, లంగరుకు మాత్రం పిలిచారు.

ప్రార్థనా స్థలానికి, ఊరి స్థలానికి మధ్య గీత ఎక్కడ గీయాలన్నది ఈ లోయకు కొత్త ప్రశ్న కాదు. అబాట్స్‌ఫర్డ్‌లో కలప మిల్లు కార్మికులు దుంగలను వీపుపై మోసి 1911 నాటికి కట్టుకున్న గుర్ సిఖ్ టెంపుల్‌ను ప్రభుత్వం 2002లో జాతీయ చారిత్రక స్థలంగా గుర్తించింది. దాని పై అంతస్తు ప్రార్థనకే ఉంది. కింది అంతస్తులో 2011 నుంచి ఎవరైనా చూడగల మ్యూజియం నడుస్తోంది. మా పట్టణంలో ఆ గీత రెండు అంతస్తుల మధ్య కాక రెండు భవనాల మధ్య ఉంది, అంతే తేడా.

లోపమంతా నిర్వహణలో ఉంది. ఏ తేదీలు ఖాళీగా ఉన్నాయో తెలిపే పట్టిక ఎక్కడా లేదు. ఫోను చేస్తే ఒకరు ఉందని, మరొకరు లేదని చెబుతారు. శని, ఆదివారాలు పెళ్ళిళ్ళకు ముందే వెళ్ళిపోతాయి, పెళ్ళివారిలో అత్యధికులు ఆ గురుద్వారా సభ్యులే. ఇందులో దురుద్దేశం ఉందని నేను అనుకోను, తెలిసినవారికి ముందు కబురు అందడం ఏ ఊరిలోనైనా జరిగేదే. అయినప్పటికీ ప్రజాధనం తీసుకున్న తరువాత, నెలలో ఇన్ని వారాంతాలు బయటివారికని రాసిపెట్టి, ఆ పట్టికను ఫలకం పక్కనే అతికించడం కనీస బాధ్యత. మేము కట్టిన 200 డాలర్ల ధరావతు అయిదు వారాల తరువాత, మూడుసార్లు గుర్తుచేస్తే గాని తిరిగి రాలేదు. డబ్బు పూర్తిగానే వచ్చింది, క్షమాపణతో పాటు పిన్నీలు అనే పంజాబీ మిఠాయిలు ఒక డబ్బా కూడా ఇచ్చారు.

భవనానికి అయిదుకు అయిదు, బుకింగు పద్ధతికి రెండు. వచ్చే ఉగాదికి మళ్ళీ ఇదే హాలుకు దరఖాస్తు ఇచ్చాము. తేదీ ఖాయమైందని ఒకరు చెప్పారు, రెండోవారి మాట కోసం చూస్తున్నాము.