గ్రూప్-2 ప్రిలిమ్స్: చరిత్ర, రీజనింగ్ సాధనకు బిట్ బ్యాంకులు ఎంతవరకు పనికొస్తాయి?

ఏపీపీఎస్సీ గ్రూప్-2 ప్రిలిమ్స్ కొత్త విధానంలో 150 ప్రశ్నలకు 150 నిమిషాలు. అందులో భారతదేశ చరిత్రకు 30 మార్కులు, మెంటల్ ఎబిలిటీకి (రీజనింగ్) 30. తప్పు జవాబుకు మూడో వంతు కోత. ఈ రెండింటికీ బిట్ బ్యాంకులు, పాత పేపర్లు చాలాకాలం వాడాక నా అభిప్రాయం ఇది. చరిత్రను బిట్ బ్యాంక్‌లో చదవకూడదు, చదివింది ఎంత నిలిచిందో అందులో చూసుకోవాలి. రీజనింగ్‌కు మాత్రం అది రోజూ చేతిలో ఉండాల్సిందే.

చరిత్ర బిట్లతో మొదటి చిక్కు, పాతవి అలాగే కొత్త ఎడిషన్లలోకి వచ్చేయడం. 'అశోకుడి పేరున్న ఏకైక శాసనం మస్కి' అనే బిట్ ఇంకా తిరుగుతూనే ఉంది. గుజర్రా, నిట్టూరు, ఉదెగోళం శాసనాల్లోనూ ఆ పేరుంది. సింధు నాగరికతలో అతిపెద్ద స్థలం మొహెంజోదారో అని పాత కీ చెబుతుంది, ఇప్పుడు హర్యానాలోని రాఖీగఢీ పేరు చెబుతున్నారు. 'ఏకైక', 'మొదటి', 'అతిపెద్ద' అనే మాటలున్న ప్రతి బిట్‌నూ పాఠ్యపుస్తకంలోనో, తెలుగు అకాడమీ పుస్తకంలోనో సరిచూసుకున్నాకే నమ్మాలి.

ఇంతకన్నా పెద్ద లోపం ఏకవాక్య బిట్లు. పరీక్షలో వ్యాఖ్యలు, జతపరచడాలు, కాలక్రమం ఎక్కువగా ఇబ్బంది పెడతాయి. 'నాసిక్ శాసనం - గౌతమీ బాలశ్రీ' అని బట్టీ పట్టినవాళ్లు, 'గౌతమీపుత్ర శాతకర్ణి విజయాలను కీర్తించే నాసిక్ శాసనం ఆయన పాలనలోనే వేయించారు' అనే వ్యాఖ్య దగ్గర తడబడతారు. శాతకర్ణి కొడుకు వాసిష్ఠీపుత్ర పులోమావి 19వ పాలనా సంవత్సరంలో, శాతకర్ణి తల్లి బాలశ్రీ దాన్ని వేయించింది.

దీనికి బాగా పనిచేసిన పద్ధతి, తప్పు ఆప్షన్లను కూడా చదవడం. పూనా ఒప్పందం ఏ సంవత్సరం అని అడిగి 1930, 1931, 1932, 1935 ఇచ్చారనుకోండి. 1932కు టిక్ పెట్టి వదిలేయకుండా మిగతా మూడూ ఏ ప్రశ్నకు జవాబులవుతాయో పక్కన రాయాలి: ఉప్పు సత్యాగ్రహం, గాంధీ-ఇర్విన్ ఒప్పందం, భారత ప్రభుత్వ చట్టం. ఒక్క బిట్‌తో నాలుగు చదివినట్టే. రోజుకు 25 బిట్లు ఇలా చేస్తే 100 గబగబా తిప్పేసినదానికన్నా మేలు.

కాలక్రమానికి సంవత్సరం ఒక్కటే చాలదు. 1946లోనే నౌకాదళ తిరుగుబాటు ఫిబ్రవరి 18న మొదలైంది, మర్నాడే క్యాబినెట్ మిషన్ ప్రకటన వచ్చింది. ప్రత్యక్ష చర్య దినం ఆగస్టు 16, తాత్కాలిక ప్రభుత్వం సెప్టెంబర్ 2, రాజ్యాంగ సభ తొలి సమావేశం డిసెంబర్ 9. ఇలాంటి రద్దీ సంవత్సరాలకు నెలలతో విడిగా పట్టిక రాసుకోవాలి. 1928కీ, 1942కీ ఇదే అవసరం.

రీజనింగ్‌లో బిట్ బ్యాంకుల విలువ ఎక్కువ, ఎందుకంటే నమూనాలు మళ్లీ మళ్లీ వస్తాయి. అయితే కీలో అచ్చుతప్పులు ఉంటాయి కాబట్టి సొంతంగా సరిచూసుకోవడం రావాలి. క్యాలెండర్ లెక్కల్లో తప్పులు ఎక్కువగా లీపు సంవత్సరం దగ్గరే జరుగుతాయి. 1947 ఆగస్టు 15 శుక్రవారం అయితే 1950 జనవరి 26 ఏ వారం అని అడిగారనుకోండి. అక్కడి నుంచి 1949 ఆగస్టు 15కు 731 రోజులు, 7తో భాగిస్తే శేషం 3. ఆపై 1950 జనవరి 26 వరకు 164 రోజులు, శేషం మళ్లీ 3. మొత్తం 6, గురువారం. 1948 ఫిబ్రవరి 29 మరిచిపోతే బుధవారం వస్తుంది. గుండ్రని బల్ల ప్రశ్నల్లో కేంద్రం వైపు చూస్తున్నవారి కుడి అపసవ్య దిశ, బయటికి చూస్తే సవ్య దిశ. బొమ్మ గీసిన వెంటనే కుడివైపు బాణం వేసుకుంటే సగం తప్పులు పోతాయి. సిరీస్, కోడింగ్ గురించి చెప్పడానికి పెద్దగా లేదు, చేతికి అలవాటైతే చాలు.

సాధన చేసేటప్పుడు ప్రతి జవాబు పక్కన గుర్తు పెట్టండి: కచ్చితంగా తెలిస్తే టిక్, కొన్ని ఆప్షన్లు తీసేసి పెడితే ప్రశ్నార్థకం. నాలుగింటిలో ఒక్కటీ తీసేయలేనప్పుడు గుడ్డిగా పెడితే సగటు లాభం సున్నా. ఒకటి తీసేస్తే మార్కులో తొమ్మిదో వంతు, రెండు తీసేస్తే మూడో వంతు మిగులుతుంది. కానీ ప్రశ్నార్థకాల్లో నాలుగింట ఒకటి కూడా సరికాకపోతే, తీసేసిన ఆప్షన్లలోనే జవాబు పోతోందని అర్థం. అప్పుడు ఆ అధ్యాయం మళ్లీ చదవాలి, ఊహలు ఆపాలి.

ఒక బిట్ బ్యాంక్ చాలు, రెండోదానిలో చాలావరకు అవే ఉంటాయి. ఆ డబ్బుతో ఓఎంఆర్ షీట్లు కొనుక్కోండి. వారానికోసారి పాత పేపర్ల నుంచి 30 చరిత్ర, 30 రీజనింగ్ ప్రశ్నలు కలిపి, బబుల్స్ దిద్దడంతో సహా 55 నిమిషాల్లో ముగించాలి. చరిత్ర ముందు చేయండి. తెలిసిన ప్రశ్న 20 సెకన్లలో అయిపోతుంది, అక్కడ మిగిలిన నిమిషాలే గుండ్రని బల్ల లాంటి సీటింగ్ సెట్లకు దక్కుతాయి.