రికర్టన్ హౌస్, క్రైస్ట్‌చర్చ్: ముందు కాటేజీ, తర్వాతే బంగళా

న్యూజీలాండ్‌లో క్రైస్ట్‌చర్చ్ వెళ్తే డీన్స్ కుటుంబం పాత ఇల్లు రికర్టన్ హౌస్ తప్పకుండా చూడండి. అయితే అందరిలా నేరుగా పెద్ద బంగళాలోకి వెళ్లకండి. ముందు అదే ఆవరణలో ఉన్న చిన్న చెక్క ఇల్లు, డీన్స్ కాటేజీ చూడండి. స్కాట్లండ్‌లోని ఎయిర్‌షైర్ నుంచి వచ్చిన జాన్, జేన్ డీన్స్ కలిసి కాపురమున్నది ఆ ఇంట్లోనే. బంగళా మొదటి భాగం కట్టింది 1856లో. జాన్ 1854లోనే క్షయతో పోయాడు.

కాటేజీని 1843లో జాన్, అతని అన్న విలియం కట్టుకున్నారు. క్రైస్ట్‌చర్చ్ చుట్టూ ఉన్న కాంటర్‌బరీ మైదానంలో ఇప్పటికీ నిలిచి ఉన్న కట్టడాల్లో ఇదే అన్నిటికన్నా పాతది. అసలు చోటు నుంచి తరలించి ఇక్కడ నిలబెట్టారు. గదులు ఎంత ఇరుకో చూస్తేనే ఆ కాపురం అర్థమవుతుంది.

వీళ్లకన్నా ముందు 1840లో కొందరు ఇదే నేలలో పంట వేసి, ఎలుకల దెబ్బకి నిలవలేక వదిలేసి పోయారు. డీన్స్ సోదరులు పంటతో పాటు పాడినీ నమ్ముకున్నారు. జాన్ ఆస్ట్రేలియా వెళ్లి 61 పశువులు, 43 గొర్రెలు, 3 ఆడగుర్రాలు ఓడలో తెచ్చాడు. వెన్న, జున్ను అమ్మకం వాళ్లని నిలబెట్టింది. భూమిని 1846లో ఇక్కడి మూలవాసులైన ఙాయ్ తహు తెగ మావోరీల దగ్గర ఏడాదికి 8 పౌండ్ల కౌలుకి తీసుకున్నారు. 1851లో విలియం ఓడ ప్రమాదంలో మునిగిపోయాడు. మరుసటి ఏడాది జాన్ స్వదేశం వెళ్లి జేన్‌ని పెళ్లాడి, 1853 ఫిబ్రవరికి తిరిగొచ్చాడు. కొడుక్కి ఏడాది నిండకముందే భర్త పోయినా జేన్ ఇక్కడే ఉండిపోయింది. పాడి ఉన్న ఇళ్లలో పుట్టినవాళ్లకి ఆ నిర్ణయం బరువు ఇట్టే తెలుస్తుంది.

కాటేజీ తర్వాత అదే ఆవరణలో ఉన్న అడవి చూడండి. నా లెక్కలో ఇక్కడి అసలు విలువంతా ఇదే. 7.8 హెక్టార్లలో కహికటియా చెట్లు, కొన్నిటి వయసు 600 ఏళ్ల దాకా. ఈ చెట్టు చెక్కకి వాసన ఉండదు, వెన్నకి ఏ వాసనా అంటదు. అందుకే ఎగుమతి వెన్న పెట్టెల కోసం దేశమంతటా ఈ అడవుల్ని నరికేశారు. ఈ ముక్క మిగిలిందంటే, దీన్ని కాపాడమని జాన్ చివరి రోజుల్లో కోరడం వల్లే. ఆ కుటుంబం 1914లో అడవిని కాంటర్‌బరీ ప్రజలకి ఇచ్చేసింది.

చుట్టూ ఎలుకలు, పిల్లులు దూరకుండా 2000లో వేసిన కంచె ఉంది. గేటుకి రెండు తలుపులుంటాయి: వెనకది మూసుకున్నాకే ముందుది తెరవాలి. రెండూ ఒకేసారి తెరిస్తే కంచె ఉండీ లేనట్టే. కుక్కల్ని తీసుకెళ్లకూడదు. చెట్ల వేర్లు తడినేలలో పైపైనే పరుచుకుంటాయి, తొక్కితే దెబ్బతింటాయి కాబట్టి బాట దిగకండి. తీరిగ్గా నడిచినా అరగంట చాలు.

అడవికి, తోటకి టికెట్టు లేదు. బంగళా లోపల గైడుతో చూడాలంటే డబ్బు కట్టాలి. 1856, 1874, 1900ల్లో మూడు విడతలుగా పెరిగిన ఇల్లది. ఏ గది ఏ విడతదో గైడుని అడిగి తెలుసుకుంటేనే ఆ ఖర్చుకి ఫలితం. శనివారం పొద్దున ఇదే ఆవరణలో రైతుల సంత ఉంటుంది. రొట్టె, జున్ను, కూరగాయలు బాగుంటాయి గానీ కారు పెట్టుకోవడానికి చోటు దొరకడం కష్టం. చరిత్ర కోసమే వెళ్లేవాళ్లు వేరే రోజు పెట్టుకోండి. కాటేజీ తలుపులు రోజంతా తెరిచి ఉండవు, వేళలు ముందే కనుక్కుని బయల్దేరండి.